అవకాడో వకీలు గారికి

మహారాజశ్రీ అవకాడో గారి సముఖానికి,

ఇక్కడ మేం క్షేమం. తమరు మాత్రం కుళ్ళిపోయారు.

సోమవారం ఒక్కొక్కరికి 180 రూపాయల చొప్పున ఇచ్చి, తమర్నీ తమ జోడీనీ ఇంటికి తెచ్చుకున్నాను. తమరు చెట్టు మీద పండరట, కోశాకే పండుతారట. సరే కదా అని సీతాఫలాన్ని పెట్టినట్టే బియ్యం డబ్బాలో పెట్టాను. మంగళవారం బొటనవేలితో నొక్కాను, రాయి. బుధవారం, రాయి. గురువారం రాత్రి పదకొండింటికీ రాయే. శుక్రవారం పొద్దున ఆఫీసు హడావుడిలో నొక్కలేదు. ఆ ఒక్క పూటే! సాయంత్రం కోస్తే లోపలంతా బూడిద రంగు, అడ్డంగా నల్లటి పీచులు, మధ్యలో టెంక ఒక్కటే నిగనిగలాడుతూ.

"ఈ డబ్బులకి రెండు కిలోల జామకాయలొచ్చేవి కదరా" అంది అమ్మ.

మెక్సికోలో నావాటల్ మాట్లాడేవాళ్లు తమర్ని 'ఆవకట్ల్' అనేవారు. వింటే మన ఆవకాయకి చుట్టమేమో అనిపిస్తుంది. కానీ ఆవకాయ ఏడాది నిలుస్తుంది, తమరు పూట నిలవరు. స్పెయిన్ వాళ్లకి ఆ మాట నోరు తిరగక 'అగ్వకాతే' అన్నారు. అది జారి జారి వాళ్ల భాషలో వకీలుకున్న 'అవోకాదో' అనే పాత మాటలో కలిసిపోయింది. ఫ్రెంచి వాళ్లకి ఇవాళ్టికీ పండూ, ప్లీడరూ ఒకటే మాట, 'అవోకా'. పొరపాటున వచ్చిన పేరంటారు. పొరపాటేమిటండీ! ఫీజు ముందే తీసుకుని, ఐదు రోజులు వాయిదాల మీద వాయిదాలు తిప్పి, తీర్పు వెలువడే పూట కక్షిదారుకి కబురైనా పంపలేదు.

దాల్చినచెక్కది మీ కుటుంబమేనట. ఆ ఇంట పుట్టి కాస్త వాసనైనా పట్టుకు రాలేకపోయావా? వెన్నపండట, వెన్న! ఇంక నీకు తమరూ గిమరూ ఎందుకయ్యా? నిన్ను మెదిపి చేసే పచ్చడి, ఆ గ్వాకమోలే, గొప్ప అంటావు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ, నిమ్మరసం, కొత్తిమీర, ఉప్పు పడితే మా ఇంట్లో బీరకాయ తొక్కు కూడా బ్రహ్మాండంగానే ఉంటుంది.

నీ జోడీ ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. ఇందాకే నొక్కి వచ్చాను, రాయి. రాత్రి రెండింటికి ఒక అలారం, నాలుగింటికి ఇంకోటి పెట్టుకున్నాను. ఉల్లిపాయ తరిగి ఫ్రిజ్‌లో పెట్టాను.

ఇట్లు,
తమ కక్షిదారు