మిస్సమ్మ పాదం మీది పుట్టుమచ్చకు ఒక కోడలి లేఖ

మహారాజశ్రీ పుట్టుమచ్చ గారికి,

విశాఖపట్నం పాతనగరంలో రాస్ కొండ కింద పుట్టి, సింహాచలం కొండ కింద అడవివరంలో కాపురం పెట్టిన ఒక కోడలు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరు కూడా ఏదో ఒక టీవీ ఛానల్లో క్షేమంగానే ఉండి ఉంటారు.

మీ సినిమా మీద నాకు కోపం లేదు. సావిత్రి గారు మూతి ముడిచి నిలబడితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి చూస్తాను. ఉద్యోగం కోసం మేరీ, ఎం.టి. రావు భార్యాభర్తలమని అబద్ధమాడి జమీందారు గారి ఊళ్ళో పంతులూ పంతులమ్మగా చేరతారు. ఆయన హిందువు, ఆవిడ క్రైస్తవురాలు. మాటమాటకూ కీచులాట, ఆ కీచులాటలోంచే ఇష్టం. ఇక వీళ్ళు ఈ తేడాతో ఎలా బతుకుతారో చూద్దామని నేను ముందుకు జరిగి కూర్చుంటాను. సరిగ్గా అప్పుడే తమరు దిగుతారు. మేరీ మేరీయే కాదట, జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అట. సమస్య తీరింది, అసలు లేనే లేదు కనుక!

మేరీ పాత్రకు మొదట అనుకున్నది భానుమతి గారిని. కొంత చిత్రీకరణ అయ్యాక ఆ పాత్ర సావిత్రి గారికి వెళ్ళింది. కథానాయికనైనా మార్చారు గాని, మిమ్మల్ని తీసేద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇంకో సంగతి. ప్రత్యేక వివాహ చట్టం 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మీ సినిమా అదే నెల 12న విడుదలైంది. అంటే జనం మిమ్మల్ని చూసి హమ్మయ్య అనుకుంటున్న రోజుకు, మేరీ మేరీగానే ఉండి రావును పెళ్ళాడే దారి దేశంలో ఉంది. కాకపోతే 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు కావాలి. దానికన్నా పుట్టుమచ్చ చవక, ఒప్పుకుంటాను. మేము ఆ చట్టం కిందే చేసుకున్నాం. మా నోటీసు 30 రోజులూ గోడ మీద వేలాడింది. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పదలచుకున్నవాళ్ళంతా ఇంటికే వచ్చి చెప్పారు.

మా అత్తగారు మంచి మనిషి. నేను నెత్తళ్ళ పులుసు తినడానికి పుట్టింటికి వెళ్ళివస్తే, ఏమీ అడగకుండా తలస్నానానికి నీళ్ళు పెట్టిస్తారు. అంతవరకు మా మధ్య పేచీ లేదు. పేచీ అల్లా మీతోనే. మీ సినిమా ఆవిడ ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. పెళ్ళయిన వారానికే, "మీ తాతగారి తాతగారిది ఏ ఊరమ్మా?" అన్నారు. తరువాత ఇంటిపేరు మీద విచారణ. ఒకనాడు పులిహోర కుదిరితే, చెల్లెలికి ఫోను చేసి, "రక్తం ఎక్కడికి పోతుందే!" అని మురిసిపోయారు. ఆ కొలతలు నేను ఫోనులో చూసి వేసినవి.

ఆవిడ లెక్క నాకు అర్థమైంది. మా కొండమీది అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయ ఒక్కనాడు నిజరూపం చూపిస్తాడు. నాదీ అలాంటి పూతేనని ఆవిడ నమ్మకం. గీకితే లోపల మహాలక్ష్మి ఉంటుంది.

మావాళ్ళేమీ తక్కువ తినలేదు. మొన్న క్రిస్మస్‌కు మా ఆయన పాట మధ్యలో సరిగ్గా సమయానికి ఆమెన్ అన్నాడని మా పిన్ని కళ్ళు తుడుచుకుంది. అల్లుడి నాయనమ్మ వైపు ఎవరైనా మనవాళ్ళున్నారేమో కనుక్కోమని మా అమ్మ చెవిలో చెప్పింది. ఆయన పక్కవాళ్ళను చూసి అన్నాడు, అంతే.

మా రేవు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత. ఓడలు వాటిని చూసుకుంటూ వచ్చిపోతున్నాయి. ఫలానా కొండ తప్పిపోయిన ఫలానా కొండేనని ఇంతవరకు ఏ సరంగూ కనిపెట్టలేదు.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న శుక్రవారం. అత్తగారు ముచ్చటపడి నా కాళ్ళకు పసుపు రాస్తూ ఠక్కున ఆగిపోయారు. నా కుడిపాదం మీద మచ్చ ఉంది. చిన్నప్పుడు మా నాన్న మోపెడ్ సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ. ఆ మాట చెప్పబోయేలోపే ఆవిడ కళ్ళజోడు కోసం లోపలికి పరిగెత్తారు. మా మామగారిని కూడా పిలుస్తున్నట్టు వినిపించింది.

నేను పసుపు మీదనే మేజోళ్ళు తొడిగేసుకున్నాను.

ఇట్లు,
ఎక్కడా తప్పిపోని ఒక కోడలు