ఆ జాలీ ఇటుకలు మూయకండి

పాత ఇళ్ల మరమ్మతుల గురించి మీ వ్యాసంలో, చలిగాలి రాకుండా నేల దగ్గరి జాలీ ఇటుకలు (చెక్క నేల కిందికి గాలి ఆడేందుకు గోడలో పెట్టే చిల్లుల ఇటుకలు) మూసేయమని రాశారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మేం కొన్న విక్టోరియన్ కాలపు (19వ శతాబ్దపు) ఇంట్లో మాకంటే ముందున్నవాళ్లు ఎవరో వాటికి సిమెంటు మెత్తేశారు. ముందు గదిలో నడిస్తే నేల ఊగేది. పలకలు లేపి చూశాం. గోడలోకి దూరిన దూలం చివర స్క్రూడ్రైవర్ ఆనిస్తే చాలు, టీలో ముంచిన రస్కులోకి దిగినట్టు దిగింది! నేల కింద గాలి ఆడకపోతే తేమ అంతా కర్రకే పడుతుంది.

పైపుల సంగతి కూడా మీరు పైపైన తేల్చేశారు. వీధిలోంచి వచ్చే నీటి పైపు బూడిదరంగులో ఉంటే నాణెంతో గీకండి. వెండిలా మెరిస్తే అది సీసం. దాని జోలికి మీరు వెళ్లొద్దు, ప్లంబర్‌ని పిలవండి.

డ్రైన్ జామైతే తవ్వేముందు ఒకటి చూసుకోండి. పక్కింటితో కలిసిన మురుగు పైపుల్లో చాలావాటి బాధ్యత 2011 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో నీటి కంపెనీలదే. ఇది తెలియక మేం రెండు శనివారాలు పెరడంతా తవ్వుకున్నాం.