సైన్స్ సెంటర్ పైకప్పు గారికి

కప్పు గారూ, నమస్తే. కప్పు అనగానే మావాళ్లు టీ కప్పు అనుకునేరు, అందుకే ముందే చెప్తున్నా, ఈ ఉత్తరం టొరంటోలో డాన్ మిల్స్ రోడ్డు మీదున్న ఆంటారియో సైన్స్ సెంటర్ పైకప్పుకి.

నిజం చెప్పాలంటే లోపలికొచ్చిన ఏ ఒక్క రోజూ నేను తలెత్తి మిమ్మల్ని చూసిన పాపాన పోలేదు. చూడ్డానికి కింద అంత ఉండేది మరి. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు తీసుకొచ్చా, ఆ స్టాటిక్ కరెంటు గుండు మీద చెయ్యి పెట్టమంటే ముందు కొంగు సర్దుకుని తర్వాత పెట్టింది, నూనె రాసి బిగించిన జడ ససేమిరా కదల్లేదు గానీ నుదుటి మీది చిన్న వెంట్రుకలు మాత్రం ఒక్కోటీ లేచి నిలబడ్డాయి, "ఒరేయ్ ఇదేదో పూనకంలా ఉందిరా" అంది. ఇప్పటికీ ఆ ఫొటో మా ఫ్రిజ్ మీద ఉంది.

ఇక 2024 జూన్ 21, శుక్రవారం. ఆ రోజే చెప్పారు, ఆ రోజే మూసేశారు, చుట్టూ కంచె కూడా వేసేశారు. కారణం ఎవరయ్యా అంటే మీరు! మీ ఒంట్లో ఉన్నది గాలి బుడగల కాంక్రీటు అంట, పులిసిన పిండితో వేసిన అట్టులాగా లోపలంతా బెజ్జాలే, చవక, తేలిక, నీళ్లు దిగితే మాత్రం నీరసం. భయం ఉత్తిదే అని నేననను, 2023లో ఇంగ్లండ్‌లో ఇదే సరుకు వల్ల స్కూళ్లు మూశారు. కానీ ఇంజినీర్లు చెప్పింది చలికాలం మంచు బరువు పడితే కొన్ని పలకలు కూలొచ్చని, రిపేర్ దారులు కూడా రాశారు. జూన్‌లో మంచు ఎక్కడిదండీ?

అసలు సంగతి మీకూ తెలుసు. మిమ్మల్ని వదిలేసి సైన్స్ సెంటర్‌ని లేక్ ఒడ్డున ఆంటారియో ప్లేస్ అనే పార్కుకి తీసుకెళ్తామని, ఇక్కడి ముఖ్యమంత్రి లాంటి ప్రీమియర్ డగ్ ఫోర్డ్ గారి ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లోనే చెప్పేసింది. అక్కడే థర్మే అనే స్పా కంపెనీకి 95 ఏళ్ల లీజు. మూవింగ్ లెక్కలు పూర్తి సమాచారం లేకుండానే వేశారని ఆ డిసెంబర్‌లో ఆడిటర్ జనరల్ గారు మొట్టికాయ వేశారు. ఇంతలో మీ రిపోర్ట్ వచ్చింది, కాగల కార్యం గంధర్వులే తీర్చారు, ఆ గంధర్వులు మీరే. కంగ్రాట్స్.

మీకోసం ఎవరూ రాలేదా అంటే వచ్చారు. 1969లో తెరిచిన ఈ బిల్డింగ్ డిజైన్ రేమండ్ మోరియామా గారిది, ఆయన ఫర్మ్ వాళ్లు రిపేర్‌కి ఫ్రీగా పనిచేస్తామన్నారు. ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ గారు పది లక్షల డాలర్లిస్తానన్నారు, ఆ కొన్ని నెలలకే ఆయనకి ఫిజిక్స్ నోబెల్ కూడా వచ్చింది. అయినా కంచె కంచెలాగే ఉంది. తలుపుకి గుద్దుకున్నా తలుపుకి సారీ చెప్పే దేశం ఇది, మీకు ఒక్కరైనా చెప్పారా?

2025 ఫిబ్రవరిలో ఎలక్షన్లొచ్చాయి, ఆ నెలంతా టొరంటోలో దంచి కొట్టిన మంచు, మీ నెత్తిన ఎంత పేరుకుందో చూసినవాడు లేడు, మేమంతా బూట్లేసుకుని వెళ్లి ఫోర్డ్ గారికి మూడోసారి మెజారిటీ ఇచ్చొచ్చాం. నేనెవరికి వేశానో అడక్కండి ప్లీజ్. మీరు ఆ చలికాలం కూలిపోయారన్న కబురైతే నా చెవిన పడలేదు.

అన్నట్టు మీ పక్కన ఎగ్లింటన్ ట్రైన్ లైన్ 2011 నుంచి తవ్వీ తవ్వీ, స్టేషన్‌కి సైన్స్ సెంటర్ అని మీ పేరే పెడదామనుకున్నవాళ్లు చివరికి డాన్ వ్యాలీ అని మార్చేశారు. బిల్డింగ్ ఇంకా ఉండగానే పేరుకి తద్దినం.

మొన్న అమ్మ వీడియో కాల్‌లో "ఈసారి వస్తే ఆ పూనకం గుండు దగ్గరికి మళ్లీ వెళ్దాంరా" అంది. అది మూసేశారమ్మా, కొన్నేళ్లాగితే లేక్ పక్కన పెద్ద స్పా వస్తుంది, వేడి నీళ్లలో కూర్చోవచ్చు, టికెట్ ఉంటుంది అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "స్నానానికి టికెట్టేంట్రా, కుంకుడుకాయలు తెస్తాలే, ఇంట్లోనే తలంటుకుందువు గాని" అంది.

ఇట్లు,
మీ కింద బోలెడుసార్లు తిరిగి ఒక్కసారీ పైకి చూడని స్కార్‌బరో వాసి