సెర్న్ బంగారం లెక్క: ఈ మెసేజి చూసి హారం అమ్మకండి

బెంగళూరులో మా రామమూర్తినగర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఉగాది కార్యక్రమం కోసం పెట్టుకున్నది. అందులో కొన్నాళ్లుగా ఒకే మెసేజి తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "సెర్న్ శాస్త్రవేత్తలు సీసాన్ని గుద్దించి బంగారం చేసే పద్ధతి కనిపెట్టారు. సెకనుకు 89 వేలు తయారవుతోంది. త్వరలో ఫ్యాక్టరీలు వస్తాయి, ధర కుప్పకూలుతుంది, ఉన్నది ఇప్పుడే అమ్మేయండి. మన పూర్వీకుల రసవాదం నిజమని తేలింది."

ఇలాంటివి రోజూ వస్తాయని వదిలేద్దును. కానీ మా కింది పోర్షన్‌లో ఉండే అక్క, తన కూతురి పెళ్లి కోసం చీటీలు కట్టి కొన్న హారాన్ని నగరత్‌పేటకు తీసుకెళ్లి అమ్మేయడానికి సిద్ధమైంది. "నువ్వు పీయూసీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తావు కదమ్మా, ఇది నిజమేనా?" అని అడిగింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో నిజం కొంత ఉంది. అందుకే నమ్మబుద్ధి అవుతుంది. 2025 మేలో, యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రమైన సెర్న్‌లో ఆలిస్ అనే ప్రయోగ బృందం, సీసం కేంద్రకాలు బంగారం కేంద్రకాలుగా మారడాన్ని కొలిచామని ప్రకటించింది. సీసంలో 82 ప్రోటాన్లు, బంగారంలో 79. మూడు ఊడితే బంగారం. అంతవరకు సరే.

అయితే ఈ మార్పు గుద్దుకోవడం వల్ల జరగలేదు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే. అక్కడి 27 కిలోమీటర్ల యంత్ర వలయంలో సీసం కేంద్రకాలు ఎదురెదురుగా కాంతి వేగంలో 99.999993 శాతం వేగంతో వస్తాయి. కొన్ని నేరుగా ఢీకొంటాయి. కొన్ని ఒకదాన్నొకటి తాకకుండా పక్క నుంచి దాటిపోతాయి. హోసూరు రోడ్డు మీద బస్సు పక్క నుంచి దూసుకెళ్తే, తగలకపోయినా మన బైకు ఊగుతుంది చూడండి, అలాంటిదే. ఇక్కడ ఊపేది గాలి కాదు, 82 ప్రోటాన్ల విద్యుత్ క్షేత్రం. ఆ వేగానికి అది ఒక్క క్షణపు ఫోటాన్ల (కాంతి కణాల) తాకిడిలా పక్క కేంద్రకానికి తగులుతుంది. కేంద్రకం కంపించి ఒకటో రెండో న్యూట్రాన్లను, ఎప్పుడైనా ప్రోటాన్లను వదిలేస్తుంది. ఒక ప్రోటాన్ పోతే థాలియం, రెండు పోతే పాదరసం, మూడు పోతే బంగారం. ఈ మూడింటిలో అరుదుగా జరిగేది బంగారమే. ఊడిన వాటిని పట్టుకునే పరికరాలు ఢీకొనే చోటుకు రెండు వైపులా వంద మీటర్లకు పైగా దూరంలో ఉంటాయి.

ఇక సెకనుకు 89 వేలు. 89 వేలు ఏమిటో మెసేజి చెప్పదు. గ్రాములు కాదు, కేంద్రకాలు. అదీ గరిష్ఠంగా. ఒక గ్రాము బంగారంలో ఉండే పరమాణువుల సంఖ్య రాయాలంటే 3 పక్కన 21 సున్నాలు పెట్టాలి. సెకను ఆగకుండా అదే వేగంతో చేసుకుంటూ పోయినా గ్రాముకు వంద కోట్ల ఏళ్లు దాటుతుంది.

ఇది నా ఊహ లెక్క అనుకుంటే జరిగినదాన్నే చూడండి. 2015 నుంచి 2018 వరకు అక్కడి నాలుగు పెద్ద ప్రయోగాల్లో కలిపి తయారైనవి సుమారు 8,600 కోట్ల కేంద్రకాలు. వాటి మొత్తం బరువు 29 పికోగ్రాములు. అంటే గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 29 భాగాలు. మిల్లీగ్రాము చూపే షాపు కాటా మీద అంకె కదలాలంటే దీనికి మూడు కోట్ల రెట్లకు పైగా కావాలి. ఆ నాలుగేళ్ల లెక్కన ఒక్క గ్రాముకు దాదాపు 13,800 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం పుట్టి ఇప్పటికి 1,380 కోట్ల ఏళ్లు. తర్వాతి విడత ప్రయోగాల్లో దాదాపు రెట్టింపు తయారైంది, కానీ ఈ అంకెలో సగం అయినా మనకేం తేడా?

పైగా దాన్ని ఎవరూ పోగు చేయలేదు. పుట్టిన బంగారం కేంద్రకం అదే వేగంతో దారి తప్పి గొట్టం గోడకో, కణాలను ఆపే దిమ్మెలకో తగిలి ముక్కలైపోతుంది. మిగిలిందే అనుకున్నా, నగల బంగారంలో 118 న్యూట్రాన్లు ఉంటాయి. ఇక్కడ వాడే సీసంలో 126. సరిగ్గా ఎనిమిది న్యూట్రాన్లు కూడా ఊడితేనే మన బంగారం. న్యూట్రాన్లు ఎక్కువైన బంగారం నిలవదు, బీటా క్షయంతో, అంటే ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, పాదరసమైపోతుంది.

కొత్తగా కనిపెట్టారన్నది కూడా తప్పే. 1941లోనే అమెరికాలో పాదరసం నుంచి రేడియోధార్మిక బంగారం చేశారు. 1980లో అమెరికా శాస్త్రవేత్త గ్లెన్ సీబోర్గ్ బృందం బిస్మత్ నుంచి చేసింది. ధర పడలేదు. గనుల నుంచి ఏటా మూడు వేల టన్నులకు పైగా వస్తోంది. సెర్న్ ఏడాది కరెంటు వాడకం సుమారు 130 కోట్ల యూనిట్లు. ఏ ఫ్యాక్టరీ పెడతారు దీంతో? మన దగ్గర ధరను కదిపేవి వేరే ఉన్నాయి. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించారు, వెంటనే ధర పడింది. అక్క ఇప్పుడు అమ్మితే తరుగు పోతుంది, మళ్లీ కొంటే మజూరీ, 3 శాతం జీఎస్టీ కట్టాలి. ఈ మెసేజి రాసినవాళ్లు ఆ నష్టం భరిస్తారా?

రసవాదం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అది గౌరవించదగ్గ విద్య. మూసలో పెట్టి ఎంత కాచినా, పాదరసంతో ఎన్ని పుటాలు వేసినా కదిలేవి పరమాణువు బయటి ఎలక్ట్రాన్లే. ప్రోటాన్ ఊడాలంటే ఆ మంటకన్నా లక్షల రెట్ల శక్తి కావాలి. అందుకే పరుసవేది దొరకలేదు. కానీ రాజస్థాన్‌లోని జావర్‌లో మనవాళ్లు వందల ఏళ్ల క్రితమే జింకును ఆవిరి చేసి పట్టుకున్నారు. గర్వపడాలంటే ఆ కొలుములను చూసి గర్వపడండి. ఆలిస్‌లోనూ కోల్‌కతా, భువనేశ్వర్ సంస్థల వాళ్లు చేసిన పరికరాలు వాడారు.

అంతా విని అక్క అడిగింది: "మరి బంగారం కోసం కాకపోతే ఎందుకు కొలిచారు?"

ఒక్క ప్రోటాన్ పోయినా ఆ కేంద్రకం వలయంలో సరిగా తిరగదు. గోడకు తగులుతుంది, మైనస్ 271 డిగ్రీల చలిలో ఉంచిన అయస్కాంతాలను వేడెక్కిస్తుంది. ఎన్ని అలా పోతున్నాయో ముందే తెలిస్తేనే తర్వాతి యంత్రాన్ని సరిగ్గా కట్టగలరు. అది చెప్పాను.

"అంటే సీసానికి తరుగు లెక్క చూసుకున్నారన్నమాట" అంది అక్క.

అవునక్కా, తరుగు లెక్కే. బంగారం అందులో ఒక వరుస.