చేప కండలో లెక్క జెట్టీ మీదే తప్పుతోంది

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట మొదలయ్యేసరికి కానాగంతల (మాకెరెల్ చేపల) బుట్టలు వరసగా దిగుతాయి. "రాత్రి పట్టినవే బాబూ, కళ్లు చూడు" అంటుంది అమ్మే ఆవిడ. నిజమే, కళ్లు మెరుస్తుంటాయి. ఈ చేప శాస్త్రీయ నామంలోని 'కానగుర్త' కూడా ఇక్కడిదే. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖ చేపల మీద 1803లో అచ్చేసిన పుస్తకంలో ఇక్కడివాళ్లు పిలిచే పేరునే రాసుకున్నాడు.

కానీ కళ్లు మెరుస్తున్నా, కండలో అప్పటికే చాలా మారిపోయి ఉంటుంది. చేప చచ్చాక ఆక్సిజన్ అందదు, ఎంజైములు మాత్రం పని ఆపవు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ విరిగి ఐఎంపీ అనే పదార్థం అవుతుంది, అది ఐనోసిన్‌గా, ఆ తర్వాత హైపోజాంథిన్‌గా మారుతుంది. ఏటీపీ, దాన్నుంచి పుట్టినవి అన్నీ కలిపిన మొత్తంలో చివరి రెండిటి వాటా ఎంత శాతమో చెప్పే 'కే విలువ'ను 1959లో జపాన్ శాస్త్రవేత్తలు తాజాదనానికి కొలతగా తెచ్చారు. వలలో చాలాసేపు కొట్టుకున్న చేపలోనైతే, చావకముందే ఏటీపీ తగ్గి, ఆక్సిజన్ చాలనప్పుడు కండలో పేరుకునే లాక్టేట్ పెరిగిపోతుంది.

ఇలాంటి చిన్న అణువుల (మెటబొలైట్ల) పరీక్ష అనగానే మనవాళ్లు వాటిని బరువునుబట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మిషన్ గురించే మాట్లాడతారు. దానికి కోట్లు ఖర్చుపెడతారు. శాంపిల్ తేవడానికి వెళ్లే కుర్రాడి చేతికి మాత్రం థర్మోకోల్ పెట్టె, కాస్త ఐసు ఇచ్చి పంపుతారు. నాకు బాధ కలిగించేది ఇదే. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో రెండు బోట్ల చేపల మధ్య లాక్టేట్‌లో పెద్ద తేడా కనిపించింది. కొత్త విషయం దొరికిందని ఎంతో సంతోషపడ్డాం. తర్వాత నోట్‌బుక్ తిరగేస్తే, ఒక బోటు శాంపిళ్లు పాట అయ్యేదాకా జెట్టీ మీదే ఉండిపోయాయని తేలింది. మేం కొలిచింది ఆ ఆలస్యాన్ని.

ఎంజైములను ఆపాలంటే కండను వెంటనే గడ్డకట్టించాలి. లిక్విడ్ నైట్రోజన్ చల్లదనం మైనస్ 196 డిగ్రీలు. అయినా పెద్ద ముక్కను అందులో పడేస్తే చుట్టూ ఆవిరి పొర కమ్ముకుని లోపలి కండ నెమ్మదిగా గడ్డకడుతుంది. అందుకే ముందే నైట్రోజన్‌లో చల్లబరిచిన రెండు లోహపు పలకల మధ్య కండను పల్చగా నొక్కేస్తారు. గడ్డకట్టినదాన్ని కరగనివ్వకుండా పొడిచేసి, తూచి, చల్లటి మిథనాల్ పోయాలి. ఎంత కలిపామో తెలిసిన పోలిక పదార్థాన్ని (స్టాండర్డ్‌ను) కూడా అప్పుడే కలపాలి, లేకపోతే మధ్యలో ఎంత పోయిందో లెక్క తేలదు.

కండలోంచి కొవ్వులను వేరుచేయడానికి ఇప్పటికీ ల్యాబుల్లో వాడే బ్లై, డయర్ పద్ధతి 1959లో కెనడాలో కాడ్ చేప కండ మీదే పుట్టింది. క్లోరోఫాం, మిథనాల్, నీళ్లు కలిపి తిప్పాక ట్యూబు అడుగున కొవ్వులున్న పొర, పైన నీటిలో కరిగేవి, మధ్యలో తెల్లటి బిళ్లలా ప్రోటీన్ నిలుస్తాయి. పిపెట్ మొన ఆ బిళ్లకు తగిలితే ఆ శాంపిల్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

అన్నిటికీ ఇంత హడావుడి అక్కర్లేదు. కానాగంతలో హిస్టమిన్ (తిన్నవాళ్లకు ఒంటికి పడనిది) చేరేది బ్యాక్టీరియా వల్ల, దానికి గంటలు పడుతుంది. చేరాక వండినా పోదు. దాన్ని కొలవడానికి శాంపిల్‌ను మంచి ఐసులో తెచ్చి వెంటనే ఫ్రీజ్ చేస్తే సరిపోతుంది. ఏటీపీ, లాక్టేట్ అలా ఆగవు. ఏం కొలవాలో ముందే తేల్చుకుని, దాన్నిబట్టి హార్బర్‌కు మనిషిని పంపాలి.

చేపల పరిశోధన కేంద్రాలు, విశ్వవిద్యాలయం అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. అందరూ కలిసి జెట్టీ దగ్గర ఒక నైట్రోజన్ డబ్బా, ఒక త్రాసు, ఏ చేప ఎన్ని గంటలకు దిగిందో రాసే ఒక రిజిస్టర్ పెట్టాలి. కొత్త మిషన్‌కు టెండరు పిలిచేముందే ఈ పని జరగాలి.