పట్టా ఉంటే చెరువు మీదైపోతుందా?

హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజర్ కదిలిన ప్రతిసారీ టీవీల్లో అదే చర్చ. ఒకాయన పట్టా పాస్‌బుక్ చూపిస్తాడు, ఇంకొకాయన ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు, మ్యాపు చూపిస్తాడు. 2024 ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర కన్వెన్షన్ సెంటర్ కూల్చినప్పటి నుంచీ ఇదే తంతు. దొంగ కాగితాల సంగతి వదిలేయండి. చాలాచోట్ల ఆ రెండు కాగితాలూ నిజమైనవే. చిక్కంతా అక్కడే ఉంది.

తెలంగాణ పాత పహాణీల్లో, అంటే భూమి రికార్డుల్లో, ఖుష్కి (మెట్ట), తరి (మాగాణి) పక్కన శిఖం అనే మాట కనిపిస్తుంది. అంటే చెరువు నిండితే మునిగే నేల. అందులో శిఖం సర్కారీ వేరు, శిఖం పట్టా వేరు. శిఖం పట్టా భూమి రైతుదే. అమ్ముకోవచ్చు, కొడుకులకు పంచి ఇవ్వొచ్చు. కానీ చెరువు నిండి ఉన్నన్నాళ్లు అందులో దిగడానికి లేదు, నా పొలం మునిగిందని గొంతెత్తడానికీ లేదు. నీళ్లు వెనక్కి తగ్గాక ఆ ఒండ్రులో, ఆ తడి మీద పంట తీసుకోవాలి. మళ్లీ వానలు పడితే తప్పుకోవాలి. అదే చెరువు నీళ్లతో కట్ట కింద ఆయకట్టు రైతు నాట్లు వేసుకుంటాడు. ఒకే నేల కొన్ని నెలలు ఊరిది, కొన్ని నెలలు ఒక మనిషిది!

అందరూ చేతులు జోడించుకుని బతికారని కాదు. పొలం మునుగుతోందని రాత్రికి రాత్రి తూము లేపిన శిఖం రైతులున్నారు. నీళ్లు చాలవని మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు) ఎత్తు పెంచిన ఆయకట్టు రైతులూ ఉన్నారు. తిట్లు, పంచాయితీలు అన్నీ నడిచాయి. అయితే ఆ కొట్లాట నీళ్లు ఎన్నాళ్లు నిలవాలన్న దాని మీదే. చెరువు ఉండాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు.

ఇప్పటి చట్టమూ కొత్తగా చెప్పిందేమీ లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల కట్టడాలు కుదరవు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకైతే చుట్టూ మరో 30 మీటర్లు వదలాలి. పట్టా ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. సాగు చేసుకోమని ఇచ్చిన హక్కును స్లాబు వేసే హక్కుగా చదువుకున్నది మనం.

మరి రైతు నష్టమో అంటారు. న్యాయమైన మాటే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడేందుకు 1996లో జీవో 111 తెచ్చి, చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గాలు వేశారు. పొరుగూళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే వాళ్లు చూస్తూ కూర్చున్నారు. ఆ నీళ్లు తాగిన నగరం వాళ్లకు ఏటా డబ్బు కట్టి ఉండాల్సింది. దాని బదులు 2022లో జీవో 69తో ఆంక్షలే ఎత్తేస్తున్నామన్నారు. బాకీ తీర్చమంటే బ్యాంకునే మూసేసినట్టుంది వరస.

అసలు నాకు అనుమానం కొలతల మీద. పొలం కొన్నన్నాళ్లు మనం ఎకరాలు, గుంటలు అన్నాం. గుంట అనగానే అందులో ఏం పండుతుంది, నీళ్లు ఎటు నుంచి వస్తాయి అని అడిగేవాళ్లు. ఇప్పుడు గుంటకు 121 గజాలు. గజం అన్నాక అడిగేది ఒక్కటే, రేటు ఎంత? తరి, ఖుష్కి, శిఖం, పశువుల మేతకు వదిలిన కంచె, బంచరాయి... ప్రతి మాటలోనూ ఆ నేలతో ఏం చేయాలో, ఏం చేయకూడదో ఉండేది. ఇప్పుడు అన్నిటికీ కలిపి ప్లాటు ఒకటే మిగిలింది. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్ల నరికివేత ఆపడానికి 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊరి పేరులోనే కంచె ఉందని మనకు గుర్తు లేదు మరి.

బుల్డోజర్ రావాల్సింది ఆఖరున. దానికంటే చాలా ముందే, రిజిస్ట్రేషన్ ఆఫీసులో, దస్తావేజు మొదటి పేజీలో శిఖం అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ మాట చదివాక కూడా గజాల లెక్కన కొనేవాళ్లు ఎందరుంటారో అప్పుడు చూద్దాం.