నవ్వారు సరే, ఒక్కరైనా అడిగారా?

మొన్న ఇక్కడ లాస్ ఏంజిలెస్‌లో మనవాళ్ల బతుకమ్మ ప్రోగ్రాంలో పిల్లలు వేసిన స్కిట్‌కు హాలంతా పడీపడీ నవ్వింది. పంచె ఎగ్గట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని, పోలీస్ మ్యూజియం గుమ్మం దగ్గర "దండాలు సారూ" అని వంగే నల్లగొండ పెద్దాయన. పేరు పెట్టలేదు గానీ, ఎండాకాలం సీనియర్స్ ట్రిప్పుకు వచ్చినవాళ్లందరికీ ఆయనెవరో తెలుసు. మా నాయిన. మూడో వరుసలో నా పక్కనే కూర్చున్నాడు. అందరితో పాటు నవ్వి, మెల్లగా నా వైపు వంగి "గా ముసలోడు నేనేనా బిడ్డా?" అన్నాడు.

స్కిట్ రాసిన పిల్లల మీద కోపం లేదు అని రాద్దామనుకున్నా, కానీ కొంచెం ఉంది. మంచి పిల్లలే. సద్దుల బతుకమ్మకు టేబుళ్లు మోసేది, చివర్లో హాలు ఊడ్చేది వాళ్లే. తెలంగాణ యాస వినబడితే చాలు కామెడీ అనుకోవడం కూడా వాళ్లు కనిపెట్టింది కాదు, సినిమాలు నేర్పినదే.

ట్రిప్పుకు రాని వాళ్ల కోసం చెప్తా. అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ మాలిబు గుడేనా అని, ఈసారి హైలాండ్ పార్క్‌లోని లాస్ ఏంజిలెస్ పోలీస్ మ్యూజియం పెట్టారు. 1920లలో కట్టిన పాత పోలీస్ స్టేషనే ఇప్పుడు మ్యూజియం. లాకప్ గదులు అలాగే ఉంచారు, లోపలికెళ్లి ఊచలు పట్టుకుని ఫోటోలు దిగొచ్చు. మనవాళ్లు ఎగబడ్డారు. మా నాయిన మాత్రం గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని చేతబట్టుకుని లోపలికొచ్చాడు. అక్కడున్న తెల్లాయన వేసుకోమని సైగ చేస్తే ఇంకా కంగారుపడ్డాడు. లాకప్ గడప దాటితే ఒట్టు. "మీరు దిగుండ్రి, నేనీడ నిలవడ్త" అన్నాడు.

ఆయన హుషారైంది ఒక్కచోటే, ఈ కథ విన్నప్పుడు. 1997 ఫిబ్రవరి 28న నార్త్ హాలీవుడ్‌లో బ్యాంకు దోచిన ఇద్దరూ ఒంటినిండా కవచాలు తొడుక్కుని ఆటోమేటిక్ రైఫిళ్లతో కాలుస్తుంటే, పోలీసుల పిస్టళ్లు ఎందుకూ పనికిరాక, దగ్గర్లో ఉన్న తుపాకుల షాపుకు పోయి రైఫిళ్లు తెచ్చుకున్నారు. అది చెప్పగానే "పోలీసోళ్లే దుకాణంల అడుక్కొచ్చుకున్నరా!" అని ఇంటికొచ్చేదాకా అదే మాట.

చెప్పుల సంగతి కారులో నేనడిగితే చెప్పాడు. నిజాం జమానాలో మా ఊరికి అమీన్, అంటే ఇప్పటి ఎస్సై లాంటివాడు, వస్తున్నాడంటే, ఊళ్లో పోలీసు పనులు చూసే పోలీస్ పటేల్ ముందురోజే మనిషిని తోలేవాడట. కోళ్లు ఎవరింట్లోంచి, గుర్రానికి గడ్డి ఎవరి వాములోంచి, అంతా వెట్టే. మా తాత లాంతరు పట్టుకుని అమీన్ గుర్రం ముందు పక్క ఊరి పొలిమేర దాకా ఉరకాలి. కాళ్లకు చెప్పులుంటే దెబ్బలు. 1946లో కడవెండిలో దొర మనుషులు దొడ్డి కొమురయ్యను కాల్చి చంపాక జనం తిరగబడ్డారు. 1948లో నిజాం ప్రభుత్వం పడిపోయాక కూడా, 1951లో పోరాటం ఆపేసేదాకా మా వైపు పల్లెల్లో పోలీసు క్యాంపులే. కమ్యూనిస్టు దళానికి బువ్వ పెట్టారన్న అనుమానం చాలు, ఈడ్చుకుపోయేవారు. నాయినకు ఊహ తెలిసేసరికి ఇదంతా అయిపోయింది, కానీ ఠాణా ముందు చెప్పులు విడవడం మాత్రం తాత చేయి పట్టుకుని నేర్చుకున్నాడు.

ఇంకోటి. అదే రోజు పాలమూరు అంకుల్ ఒకాయన, వనపర్తి సంస్థానంలో 1869లో పుట్టిన వెంకటరామారెడ్డి గారు 1920లో హైదరాబాద్ కొత్వాల్, అంటే నగర పోలీసు పెద్ద అయి పద్నాలుగేళ్లు ఎట్లా చేశారో చెప్పబోయాడు. లాస్ ఏంజిలెస్‌లో ఆరుగురితో జీతాల పోలీసు దళం మొదలైందీ 1869లోనే. ఎంత చక్కటి ముచ్చట! సెల్ఫీల గోలలో ఒక్కరూ వినలేదు.

మనమేదో భయం లేనివాళ్లమైనట్టు నవ్వుతాం. ఫ్రీవే మీద అద్దంలో ఎర్ర నీలం లైట్లు కనబడితే, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, వీసా స్టాంపింగ్ గుర్తొచ్చి చెమటలు పట్టనివాళ్లు మనలో ఎందరు? ఊళ్లో భూమి గొడవ వస్తే ఠాణాకు నేరుగా పోకుండా ముందు లీడర్‌కు ఫోన్ కొట్టేదీ మనమే, "ఎస్సై మా బావమరిది క్లాస్‌మేటే" అని గొప్పలు పోయేదీ మనమే. ఈ ఊరి సంగతి మాత్రం? 1991లో రాడ్నీ కింగ్‌ను పోలీసులు కొట్టిన వీడియో ప్రపంచమంతా చూసింది, మరుసటి ఏడాది కోర్టులో ఆ పోలీసులు బయటపడగానే నగరం తగలబడింది, అరవై మందికి పైగా పోయారు. సౌత్ సెంట్రల్‌లో ఏ నల్లజాతి తాత దగ్గర కూర్చున్నా ఇలాంటిదొకటి చెప్తాడు. ఆయన మీద స్కిట్ వేసే ధైర్యం మనకుందా?

స్కిట్లు ఆపమని నేననను, నవ్వులు లేకపోతే మన ప్రోగ్రాంలకు వచ్చేదెవరు. ప్రోగ్రాంలు పెట్టే కమిటీ (ఈసీ) వాళ్లను బతిమాలేది ఒక్కటే: సంక్రాంతికి సినిమా డాన్సులు రెండు తగ్గించి, ఆ అరగంట పెద్దవాళ్లకివ్వండి. పోలీసుల గురించి, పటేళ్ల గురించి, తాతల గురించి ఏది గుర్తొస్తే అది చెప్పనివ్వండి. ప్రశ్నలు స్కిట్ పిల్లలే అడగాలి, వేరేవాళ్లు వద్దు. మా నాయిన డిసెంబర్‌లో వెళ్లిపోవాలి గానీ టికెట్ మార్పిస్తా, పాలమూరు అంకుల్‌ను కూడా ఒప్పించే పూచీ నాది. మైకు చేతికిస్తే బిగుసుకుపోతారు, కాలర్ మైకులు చూడండి.